బిల్లు మీద వేరే పేరు

మా షాపుకు వచ్చేవాళ్ళు షుగరు మాత్రలు గట్టిగా అడుగుతారు. బీపీ మాత్ర పేరు నోటికి వస్తుంది, ఎన్ని మిల్లీగ్రాములో కూడా చెబుతారు. డిప్రెషన్‌కు వాడే ఎసిటలోప్రామ్ చీటీ తెచ్చినవాళ్ళు మాత్రం పక్కన నిలబడ్డ మనిషి వెళ్ళిపోయేదాకా ఆగి, మడత విప్పకుండా చీటీని అద్దం మీదుగా నా వైపు జరుపుతారు. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఇన్నేళ్ళుగా కౌంటరు వెనక కూర్చుని ఇదే చూస్తున్నాను. "బిల్లు వద్దులెండి" అంటారు కొందరు. "మా బావమరిది పేరు రాయండి" అంటారు మరికొందరు. బావమరిదికి ఆ సంగతి తెలుసో లేదో దేవుడికే ఎరుక.

ఆ కోరిక నేను తీర్చలేను, ముఖ్యంగా నిద్రమాత్రల దగ్గర. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే గట్టి నిఘా ఉన్న మందుల జాబితా కిందికి వచ్చాయి. రాసిన డాక్టరు పేరు, వాడే మనిషి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామన్న లెక్క విడి రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే ముందుగా చేయి చాపేది ఆ పుస్తకం కోసమే. ఆ నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. ఇష్టం వచ్చినట్టు అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు అమ్మే రోజులు నేను చూశాను, అవి మళ్ళీ రాకూడదు.

కానీ ఒకసారి పేరు రాయవద్దని అడిగింది నా మేనల్లుడు. వాడు బెంగళూరు కేంద్రంగా విమానాలు నడిపే కో-పైలట్. ఫస్ట్ ఆఫీసర్ అనాలట. మా అక్క మాత్రం అందరికీ 'మావాడు పైలట్' అనే చెబుతుంది, ఆవిడ దృష్టిలో పక్క సీటు కెప్టెన్ వీడికి సహాయకుడు.

మా బావ గుండెపోటుతో పోయిన వార్త వాడికి విమానం దిగాకే తెలిసింది. గాల్లో ఉండగా ఫోను మోగదు కదా. కర్మకాండలు ముగించుకుని పనిలో చేరాడు. ఆ తరువాత నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారుజామున మూడింటికి లేచి హోటలు గదిలో గోడలు చూస్తూ కూర్చునేవాడట. సెలవు రోజున అనంతపురం వచ్చి, షాపు షట్టరు సగం దించాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మామా, నిద్రకు ఏదైనా ఇస్తావా? నా పేరు ఎక్కడా రాకూడదు" అన్నాడు.

ఇవ్వలేదు. చట్టం ఒక కారణం. రెండో కారణం వాడి ఉద్యోగమే. అల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటివి బెంజోడయాజెపైన్ల జాతి. పైలట్లకు, నేల మీద నుంచి విమానాల రాకపోకలు నడిపించే ఏటీసీ సిబ్బందికి చేసే మాదకద్రవ్యాల పరీక్షలో ఆ జాతి కూడా ఉంది. డాక్టరు చీటీ లేకుండా మింగి ఆ పరీక్షకు చిక్కితే మేనమామ ఇచ్చాడని చెప్పుకోవాలా? వాడికి తెలియక కాదు. తెలిసీ అడిగాడంటే ఎంత అలసిపోయాడో నాకు అర్థమైంది. "సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళరాదా?" అన్నాను. వాడు నవ్విన తీరు నాకు నచ్చలేదు. "వెళితే ఎగరనివ్వరు మామా. వెళ్ళకపోతే ఎగరనిస్తారు."

ఈ రెండు వాక్యాల లెక్క తేల్చుకోవడానికే నేను ఆ తరువాత చాలా చదివాను.

విమానం నడపాలంటే లైసెన్సుతో పాటు క్లాస్ 1 మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. అరవై ఏళ్ళలోపు పైలట్‌కు అది సాధారణంగా ఏడాదికోసారి. కళ్ళు, చెవులు, గుండె, రక్తం అన్నీ చూస్తారు. మనవైపు వాళ్ళకు బెంగళూరులోని వైమానిక దళ వైద్య సంస్థ దగ్గర. ఫారంలో గతంలో ఏ జబ్బులకు చికిత్స తీసుకున్నారన్న ప్రశ్నలుంటాయి, మానసిక సమస్యలతో సహా. ఉందని రాస్తే తాత్కాలికంగా అన్‌ఫిట్ అయ్యే అవకాశం. లేదని రాస్తే ఆ రోజుకు గండం గడుస్తుంది, కానీ సంతకం చేసింది అబద్ధం మీద. మోకాలి చిప్ప పగిలితే ఎక్స్‌రే చూపిస్తుంది. దిగులు ఏ యంత్రానికీ చిక్కదు, మనిషి నోరు విప్పితే తప్ప. అంటే ఈ వ్యవస్థ మొత్తం పైలట్ నిజాయతీ మీద ఆధారపడి ఉంది. ఆ నిజాయతీకి జీతంలో కోత మొదటి బహుమతి.

ఆ కోత ఎంతటిదో మా ఇంటి లెక్క చెబితే తెలుస్తుంది. కమర్షియల్ లైసెన్సు, ఆపైన ఒక రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్, అన్నీ కలిపి కోటికి దగ్గరగా అయింది. శింగనమల దగ్గర నాలుగెకరాల వేరుశనగ చేను అమ్మారు. చాలక బ్యాంకులో అప్పు, హామీగా ఇల్లు. జీతంలో స్థిరంగా వచ్చేది కొంత, ఎగిరిన గంటలకు వచ్చేది మిగతాది. నేల మీద కూర్చుంటే ఆ మిగతాది రాదు. బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా ఠంచనుగా వస్తుంది.

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ ఆండ్రియాస్ లూబిట్జ్ ఆల్ప్స్ కొండలకు గుద్దేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళే విమానం, 150 మంది పోయారు. కెప్టెన్ బయటికి వెళ్ళినప్పుడు కాక్‌పిట్ తలుపు లోపలి నుంచి బిగించుకున్నాడు. నేను ఆ రోజుల్లో షాపులో టీవీ చూస్తూ, పిచ్చివాడిని ఎలా ఎక్కించారు అని అందరిలాగే అన్నాను. మేనల్లుడి సంగతి వచ్చాకే ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ 2016లో ఇచ్చిన నివేదిక సారాంశం చదివాను. ప్రమాదానికి సుమారు రెండు వారాల ముందు ఒక డాక్టరు అతన్ని మానసిక చికిత్సాలయంలో చేరమని రాసిచ్చాడు. ఆ కాగితం కంపెనీకీ చేరలేదు, లైసెన్సు ఇచ్చే సంస్థకూ చేరలేదు. డాక్టర్లు గోప్యతకు కట్టుబడ్డారు, అతను ఉద్యోగం పోతుందని దాచాడు. నివేదిక రాసినవాళ్ళు డాక్టర్లు ఎప్పుడు నోరు విప్పవచ్చో స్పష్టమైన నియమాలుండాలన్నారు. దానితో పాటు, లైసెన్సు పోతే జీవనాధారం పోతుందన్న భయాన్ని తగ్గించాలన్నారు, తోటి పైలట్ల సహాయ బృందాలు పెట్టమన్నారు. 150 ప్రాణాలు తీసినవాడి కేసులో దర్యాప్తు చేసినవాళ్ళే జీతం సంగతి ఎత్తారంటే అది జాలితో అన్న మాట అయి ఉండదు.

యూరప్ దేశాలు ఆ మాటను కొంతవరకు విన్నాయి. 2018లో నియమం చేసి, 2021 ఫిబ్రవరి నుంచి ప్రతి విమాన సంస్థలోనూ తోటి పైలట్ల సహాయ బృందం ఉండాలన్నాయి. ఉద్యోగంలోకి తీసుకుని ప్రయాణికులతో ఎగరనిచ్చేముందు మానసిక పరీక్ష కూడా పెట్టాయి.

అమెరికాలో 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, సమాధానమిచ్చిన పైలట్లలో 56.1 శాతం మంది మెడికల్ సర్టిఫికెట్ పోతుందన్న భయంతో ఏదో ఒక రకంగా వైద్యాన్ని తప్పించుకున్నామని ఒప్పుకున్నారు. డాక్టరుకు చూపించుకోకపోవడం, చూపించుకున్నా అంతా చెప్పకపోవడం, ఫారంలో దాచడం, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. ఆ సంఖ్య చూసి మా షాపుకొచ్చే కుర్రాడు నోరెళ్ళబెట్టాడు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నా కౌంటరు ముందు జరిగేది అదే, కాకపోతే ఇక్కడ ఎవరూ సర్వే చేయరు.

2023 అక్టోబరులో అలాస్కా ఎయిర్‌లైన్స్ పైలట్ జోసెఫ్ ఎమర్సన్ డ్యూటీలో లేకుండా వేరే విమానం కాక్‌పిట్‌లో అదనపు సీటులో కూర్చుని ప్రయాణిస్తూ, ఇంజిన్లకు ఇంధనం ఆపేసే హ్యాండిళ్ళను లాగబోయాడు. సిబ్బంది అడ్డుకున్నారు, 80 మందికి పైగా బతికిపోయారు. స్నేహితుడి చావు దుఃఖంలో ఉన్నాడు. అంతకు రెండు రోజుల ముందు మత్తెక్కించే పుట్టగొడుగులు తిన్నాడు. డిప్రెషన్ మందులు మొదలుపెడితే ఎగరనివ్వరేమో అని వెనకాడినట్టు తరువాత చెప్పాడు. డాక్టరు రాసే మందుకు భయపడి, ఎవరో ఇచ్చిన పుట్టగొడుగులు తినడం! మందులమ్మేవాడిగా ఇది చదివి నాకు ఒళ్ళు మండింది. ఎసిటలోప్రామ్ మోతాదు ఎంత, మొదటి రెండు వారాలు ఏమవుతుంది, ఎప్పుడు కుదుటపడుతుంది, అన్నీ లెక్క ఉన్న విషయాలు. పుట్టగొడుగుకు ఏ లెక్కా లేదు.

మందుల సంగతి వచ్చింది కనుక చెబుతాను. డిప్రెషన్ మాత్ర వేసుకునే పైలట్ ప్రమాదకరం అనుకునేవాళ్ళు ఆస్ట్రేలియా వైపు చూడాలి. అక్కడ 1980ల నుంచే, నిఘాలో ఉంచి, అలాంటి పైలట్లను ఎగరనిస్తున్నారు. 1993 నుంచి 2004 వరకు వాళ్ళ వివరాలను మందులు వాడని పైలట్ల వివరాలతో పోల్చి చూస్తే ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికా 2010లో మొదట ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, సిటలోప్రామ్, ఎసిటలోప్రామ్ అనే నాలుగింటికి తలుపు తీసింది, తరువాత మరికొన్ని చేర్చింది. ఆ నాలుగూ నా షాపులో ఒకే అరలో ఉంటాయి. ఆ అర ముందు నిలబడ్డప్పుడల్లా అనుకుంటాను: మందు వాడేవాడిని చూసి భయపడతాం, మందు అవసరమై వాడనివాడి విమానంలో హాయిగా నిద్రపోతాం.

మద్యం విషయంలో నాది మెతక వైఖరి కాదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే మేనల్లుడి కోసం వాదిస్తున్నాడంటారు. మన దేశంలో విమానం ఎక్కే ముందు పైలట్ గొట్టంలో ఊదాలి. రీడింగ్ సున్నా ఉండాలి. ఎగరడానికి 12 గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు ఆపేస్తారు, రెండోసారి మూడేళ్ళు, మూడోసారి రద్దు. ఇందులో నేను మార్చమనేది ఏమీ లేదు, ఊదనివ్వండి. ప్రపంచంలో చాలా దేశాల్లో ఏదో ఒక రోజు ఎవరినో ఒకరిని ఆపి చూస్తారు. మన దగ్గర ప్రతివాడూ ఊదాలి. మంచిదే.

నా అభ్యంతరమల్లా ఆ సున్నా చుట్టూ ఉన్న అజ్ఞానం మీద. ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి. సీసా మీదే స్వయంగా పుట్టిన ఆల్కహాల్ ఎంత శాతమో రాసి ఉంటుంది. అజీర్తికి ద్రాక్షారిష్టం తాగే పెద్దమనిషికి తాను తాగుతున్నది ఏమిటో తెలియదు. హోమియో చుక్కలు ఆల్కహాల్‌లోనే కలుపుతారు. కొన్ని దగ్గు మందుల్లో, నోరు పుక్కిలించే ద్రావకాల్లో ఉంటుంది. 2023లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు సవరించి మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటి వాటిని కూడా పేరు పెట్టి వద్దంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ పావుగంటలో పోతుంది, రక్తంలోది పోదు. అందుకే మొదటి రీడింగ్ వస్తే నోరు కడుక్కోనిచ్చి 15, 20 నిమిషాలకు మళ్ళీ ఊదించే పద్ధతి పెట్టారు. న్యాయం అంటే నాకు ఆ ఇరవై నిమిషాలే. తప్పు చేసినవాడిని అది కాపాడదు, చేయనివాడిని కాపాడుతుంది. మేనల్లుడు మా ఇంటికొస్తే దగ్గు మందు సీసాలు వరసగా పెట్టి ఏది పనికొస్తుందో ఏది రాదో చూపించమంటాడు. కంపెనీ డాక్టరును అడగకుండా ఏదీ వద్దనే అంటాను నేను.

మా అక్క వంటగది ఇంకో తలనొప్పి. మన ఇళ్ళలో కోడి కూరలో గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేయకపోతే అది కూరే కాదు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. తిన్నవాడికి మత్తు రాదు, కానీ మూత్ర పరీక్షలో మార్ఫిన్ జాడ కనిపించవచ్చు. అమెరికాలో ప్రభుత్వ పరీక్షల్లో ఓపియేట్ల, అంటే నల్లమందు జాతి మందుల, హద్దును 1998లో 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచడానికి ఈ గింజలు పెద్ద కారణం. మన దగ్గర 2022 జనవరి 31 నుంచి పైలట్లలో, ఏటీసీ సిబ్బందిలో ఏటా కనీసం పది శాతం మందికి ముందు చెప్పకుండా ఈ పరీక్ష చేస్తున్నారు. గంజాయి, కొకెయిన్, యాంఫెటమిన్లు, ఓపియేట్లు, బార్బిచురేట్లు, బెంజోడయాజెపైన్లు చూస్తారు. మొదటి పరీక్షలో తేలినదాన్ని ప్రయోగశాలలో మళ్ళీ నిర్ధారించాలి. ఆ నిర్ధారణ వచ్చేలోపు మనిషి పేరు బయటికి పొక్కితే, తరువాత 'ఏమీ లేదు' అని ఎన్ని కాగితాలు ఇచ్చినా లాభం లేదు. అక్క కొడుకు వచ్చినప్పుడు గసగసాలు మానేసింది. కూర రుచి పోయిందని వాడే గొణుగుతాడు.

ఈ రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. గంజాయి మొదటిసారి నిర్ధారణ అయితే పైలట్‌ను వ్యసన విముక్తి కేంద్రానికి పంపాలి, బాగై పరీక్షలో శుభ్రంగా తేలితే మళ్ళీ పనిలోకి రావచ్చు. రెండోసారి అయితే మూడేళ్ళు, మూడోసారి రద్దు. మద్యం దగ్గర మొదటిసారే శిక్ష, చికిత్స మాటే ముందుకు రాదు. తాగుడు జబ్బు కాదని ఎవరు తేల్చారు? అనంతపురంలో నేను రోజూ చూసేది అదే జబ్బు. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర కోసం వచ్చే ఆడవాళ్ళ ముఖాలు చూస్తే అది జబ్బో దుర్గుణమో చెప్పనవసరం లేదు. మూడు నెలలు ఇంట్లో కూర్చోబెడితే తాగుబోతు మారడు, ఇంకా తాగుతాడు. మూడు నెలలు శిక్ష వేయండి, కాదనను. ఆ మూడు నెలల్లో అతనికి చికిత్స కూడా చేయించండి.

1990 మార్చి 8న అమెరికాలో ఫార్గో నుంచి మినియాపోలిస్‌కు నార్త్‌వెస్ట్ విమానం నడిపిన ముగ్గురూ ముందు రాత్రి బార్‌లో తాగి వచ్చారు. దిగాక అరెస్టు. కెప్టెన్ లైల్ ప్రౌస్‌కు 16 నెలల జైలు పడింది, లైసెన్సులన్నీ పోయాయి. జైలు నుంచి వచ్చాక మొదటి లైసెన్సు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. తాగుడు పూర్తిగా మానేశాడు. అదే సంస్థ అతన్ని తిరిగి తీసుకుంది. 747 కెప్టెన్‌గా రిటైరయ్యాడు. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. మన టీవీల్లో ఇలాంటి కేసు మొదటి సగమే వస్తుంది.

ఆ దేశంలో పైలట్ల మద్యపాన చికిత్సకు 1970ల నుంచే హిమ్స్ అనే కార్యక్రమం ఉంది. చికిత్స, ఆ తరువాత ఏళ్ళ తరబడి పరీక్షలు, తోటి పైలట్ ఒకరు, పై అధికారి ఒకరు, తర్ఫీదు పొందిన డాక్టరు ఒకరు కలిసి కనిపెట్టుకుని ఉండటం. వేలమంది అలా తిరిగి కాక్‌పిట్‌లోకి వచ్చారు. అయితే దాన్ని పూజించనక్కరలేదు. 2023లో అక్కడి జాతీయ అకాడమీల కమిటీ ఆ కార్యక్రమాన్ని పరిశీలించి, ఎంత బాగా పనిచేస్తోందో తేల్చడానికి తగిన వివరాలు తమ చేతికి రాలేదని రాసింది. ఒక మనిషి జీవనాధారం మీద అంత అధికారం ఉన్న కార్యక్రమం తన లెక్కలు బయటపెట్టకపోతే ఎలా? మందు కంపెనీ వాళ్ళు ప్రయోగాల వివరాలు దాస్తే ఊరుకుంటామా? మనవాళ్ళు ఇక్కడ అలాంటిది పెట్టేటప్పుడు ఆ లోపం మాత్రం తెచ్చుకోకూడదు.

అహ్మదాబాద్ గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. 2025 జూన్ 12న ఎయిర్ ఇండియా విమానం కూలి 260 మంది పోయారు. నెల తిరిగాక వచ్చిన ప్రాథమిక నివేదికలో ఇంధన స్విచ్‌లు సెకను తేడాతో ఆగిపోయే స్థితికి మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే తాను ఆపలేదని రెండోవాడు అన్నాడని మాత్రమే ఉంది. ఎవరు అడిగారో, ఎవరు జవాబిచ్చారో కూడా రాయలేదు. కానీ ఆ వారంలోనే చనిపోయిన కెప్టెన్ మనసు ఎలా ఉండేదో చెప్పే నిపుణులు వందలమంది పుట్టుకొచ్చారు. కొడుకు పోయిన తొంభై దాటిన తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. నవంబరులో కోర్టు, పైలట్‌ను ఎవరూ నిందించలేరని ఆయనకు చెప్పింది. ఆ చర్చలు విన్న పైలట్లలో ఎంతమంది ఇక జన్మలో సైకియాట్రిస్టు గడప తొక్కకూడదని నిర్ణయించుకున్నారో? ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, జూన్ 16న, ఆ సంస్థలో 112 మంది పైలట్లు అనారోగ్యమని సెలవు పెట్టారని కేంద్ర మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఆ 112 మందిలో ఎంతమంది 'జ్వరం' అని రాసి ఉంటారో నా అనుభవంతో ఊహించగలను.

మేనల్లుడి విషయానికి వస్తాను. 2023 ఫిబ్రవరిలో డీజీసీఏ మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చి, తోటి పైలట్ల సహాయ బృందాలు పెట్టమని విమాన సంస్థలకు చెప్పింది. వాడి సంస్థలో ఆ బృందం ఫోను నంబరు ఉంది. చేయడానికి వాడికి వారాలు పట్టింది. ఎత్తింది ఒక సీనియర్ కెప్టెన్. ఆయన సలహాలేమీ ఇవ్వలేదట, తన భార్య పోయినప్పటి సంగతి చెప్పాడట. ఆ మర్నాడు వీడు తనంతట తానే డ్యూటీ నుంచి తప్పుకున్నాడు, బెంగళూరులో సైకియాట్రిస్టును కలిశాడు, మెడికల్ విభాగానికి రాసిచ్చాడు. తాత్కాలికంగా అన్‌ఫిట్. అదే రోజుల్లో వాడి బ్యాచ్‌మేట్ క్రికెట్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకుని అన్‌ఫిట్ అయ్యాడు. ఆ అబ్బాయికి పళ్ళ బుట్టలు వచ్చాయి, కట్టు మీద అందరూ సంతకాలు చేశారు. మావాడికి ఎవరూ ఫోను చేయలేదు, ఆ సీనియర్ కెప్టెన్ తప్ప.

లైసెన్సు పోతే ఆదుకునే బీమా ఒకటి తీసుకుని ఉన్నాడు. కాగితం తెరిస్తే, చిన్న అక్షరాల్లో, మానసిక అనారోగ్యానికి వర్తించదని ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్‌లో శారీరక జబ్బుకు ఇచ్చినట్టే మానసిక జబ్బుకూ వైద్య బీమా ఇవ్వాలని స్పష్టంగా ఉంది. నేను ఆ ముక్క పట్టుకుని కోర్టు రోడ్డులో తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళాను. "అది ఆసుపత్రి ఖర్చుల బీమాకు. ఇది ఆదాయం పోతే ఇచ్చే బీమా. ఈ సెక్షన్ దీన్ని పట్టుకోదు" అన్నాడు. కాలు విరిగిన అబ్బాయికి మాత్రం అలాంటి పాలసీయే డబ్బులిస్తుంది. రెండు జబ్బులూ మనిషిని ఒకే నేల మీద కూర్చోబెట్టాయి, కానీ ఒకదానికే వెల కట్టారు. మార్చాల్సింది మొదట ఇదేనని నా అభిప్రాయం. గోడల మీద 'మాట్లాడండి' అని పోస్టర్లు అంటించడానికి ఖర్చు తక్కువ కనుక అందరూ అది ముందు చేస్తారు.

ఇంకొక మాట. అన్‌ఫిట్ అని రాసినప్పుడు ఏ కారణంతో రాశారో, మళ్ళీ ఎప్పుడు చూస్తారో, ఏ కాగితాలు తెస్తే సరిపోతుందో స్పష్టంగా రాసిచ్చే పద్ధతి కావాలి. వీడు ఒకచోట ఒక కాగితం అడిగారని పట్టుకెళితే ఇంకొకటి అడిగారు. ఒక డాక్టరు మాటతో సరిపెట్టక రెండో అభిప్రాయానికి దారి ఉండాలి, ఆ దారి పైలట్ భరించగల ఖర్చులో ఉండాలి. నిద్ర విషయం సరేసరి. పైలట్ల విశ్రాంతి నియమాలను మార్చి వారానికి 36 గంటలకు బదులు 48 గంటల విశ్రాంతి అంటే విమాన సంస్థలు ఎంత గింజుకున్నాయో, 2025 డిసెంబరులో విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డవాళ్ళకు చెప్పనక్కరలేదు. నిద్రపోనివ్వకుండా నడిపించి, నిద్ర పట్టడం లేదంటే అన్‌ఫిట్ అనడం ఏమి న్యాయం అని మా అక్క అడిగింది. ఆవిడ పదో తరగతి వరకే చదివింది.

ప్రయాణికుల మాటేమిటి అని మీరు అడగవచ్చు. నేనూ ప్రయాణికుడినే. కోడికొండ చెక్‌పోస్టు దాటి దేవనహళ్ళి వెళ్ళి విమానం ఎక్కినప్పుడు, ముందు కూర్చున్నవాడు బాగా నిద్రపోయి ఉండాలని, తాగి ఉండకూడదని, తల సరిగా ఉండాలని నేనూ కోరుకుంటాను. నా భద్రత కోసమే అడుగుతున్నాను: అతనికి బాగా లేనప్పుడు 'బాగా లేదు' అని చెప్పే వీలు ఇవ్వండి.

మేనల్లుడికి ఇప్పుడు నిద్ర పడుతోంది. డాక్టరు మోతాదు తగ్గిస్తున్నాడు. వచ్చే నెల మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. ఎగరనిస్తారో ఇంకొన్నాళ్ళు ఆగమంటారో చూడాలి. ఈలోగా తాడిపత్రి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఇంట్లో ఎందుకున్నాడని వాళ్ళు అడిగితే 'సెలవు' అని చెప్పమంటుంది మా అక్క. "పెళ్ళయ్యాక నిదానంగా చెప్పుకోవచ్చు, ఇప్పుడే ఎందుకురా" అంటుంది. వాడు మాత్రం ఆ అమ్మాయితో ముందే మాట్లాడతానంటున్నాడు. నేను వాడి పక్షం. అక్క నాతో రెండు రోజులుగా ముభావంగా ఉంది. వాళ్ళు ఆదివారం వస్తున్నారు.